రెండో కంప్యూటరు

కర్నూలు,
30వ తేదీ, బుధవారం రాత్రి

చిరంజీవి రాఘవకు అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి మద్దిలేటి మామ కొడుకు చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నా. వాడు శుక్రవారం పొద్దున బస్సుకు హైదరాబాదు పోతాడు. డబ్బా కూడా వాడే తెస్తాడు. ముందు ఉత్తరం చదువు, తర్వాత డబ్బా విప్పు.

శ్రావణం పడింది కదా, షాపులో ఊపిరాడడం లేదు. లక్ష్మక్క కూతురికి ఆదోని సంబంధం ఖాయమైంది. 600 కార్డులు, మనకే చెప్పినారు. వరుని ఇంటిపేరు రెండుసార్లు మార్చి రాయించినారు. బాషన్నకు మోకాళ్ళ నొప్పి, అయినా తొమ్మిదికల్లా షట్టరు ఎత్తుతాడు. వంటింటి గోడకు చెమ్మ పట్టింది, మిద్దె మీద సున్నం పట్టించాల. నాన్న ఈసారి బొరుగులు రెండు పడులు ఎక్కువ తెచ్చినాడు. ఎందుకంటే మాట్లాడడు. నువ్వు లేకుండా ఈ ఇంట్లో అంత ఉగ్గాని ఎవరు తింటారు?

నువ్వు ఫోను ఎత్తక నేటికి 19 రోజులు. పనిలో ఉంటావులే. పని ఉన్నా పూటకు ఇంత తిను. రాత్రి పెరుగన్నం మానొద్దు. హాస్టలు కూరలో నూనె ఎక్కువైతే ఆ నూనె వంచేసి తిను, అంతేగానీ మెస్సుకే పోకుండా గదిలో పడుకుంటే ఎట్లా?

మెస్సుకు పోవడం లేదని నాకెవరు చెప్పినారని అడుగుతావు. ఎవరైతేనేం. ఆదివారం మద్దిలేటి మామ కొడుకు జిరాక్సుకని షాపుకు వచ్చినాడు. వాడేదో చెప్పినాడు, నేను పని చేసుకుంటూనే విన్నా. నీ గదిలో ఉండే పిల్లోడు వాడితో అన్నాడంట. లాప్‌టాప్ ఆన్ కాకపోతే ఎవరికో బాగుచేయమని ఇచ్చినావంట, వాడు ఒక్క మాట అడక్కుండా ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేసి చేతిలో పెట్టినాడంట. మూడేళ్ళ థీసిస్, రికార్డింగులు అన్నీ పోయినాయంట. నిజమో అబద్ధమో నువ్వే చెప్పాల.

నాన్న ఆ రోజు ఫోన్లో అడిగింది మామూలుగా అడిగిందే నాయనా. వచ్చే నెల జేజి సంవత్సరీకం, పెద్దోళ్ళంతా వస్తారు, నువ్వు రికార్డింగులో పట్టుకున్న పాటలు పంపితే స్పీకర్లో పెడదామన్నాడు. నువ్వు "సరే నాన్నా" అన్నావు. నీ గొంతు నాకు పక్కనుంచి వినబడింది. ఎప్పుడూ "సరే నాన్నా, నువ్వు మందులు వేసుకున్నావా" అంటావు. ఆ రోజు సరేతోనే పెట్టేసినావు. దాని తర్వాత ఫోను లేదు.

అదట్లుండనీ. నీకొక సంగతి చెప్పాల. వరద గురించి వందసార్లు చెప్పుకున్నాం గానీ ఇది ఎవరికీ చెప్పలేదు.

2009 అక్టోబరు 2. గాంధీ జయంతి, శుక్రవారం, షాపు మూసి ఉంది. పైన కురిసిన వానంతా తుంగభద్రలో దిగింది, హంద్రి తోడైంది, కింద శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చి నీళ్ళు పోయే దారి లేక మన మీదికే తన్నింది. అదంతా పేపర్లలో తర్వాత చదివినాం. ఆ రోజు మాకు తెలిసిందల్లా కొండారెడ్డి బురుజు దగ్గర నీళ్ళొచ్చినాయని ఎవరో అరవడం. నాన్న షాపుకు పరిగెత్తి సీపీయూ తీసి బీరువా మీద పెట్టి వచ్చినాడు. అంత ఎత్తుకు నీళ్ళెక్కడ వస్తాయనుకున్నాం. నేను జేజిని, బియ్యం మూటను, నిన్ను మిద్దె ఎక్కించినా. నీకు తొమ్మిదేళ్ళు, నా కొంగు వదలలేదు.

షాపులో నీళ్ళు ఫ్యానుకు తగిలినాయి. నీళ్ళు తీసినాక షట్టరు ఎత్తితే మోకాళ్ళ లోతు బురద. సీపీయూ పక్క రేకు తీస్తే లోపలి నుంచి బురద సంగటి ముద్దలా జారింది. నేను జాగ్రత్తకని అన్నీ సీడీల్లో కూడా రాసి పెట్టుకున్నా కదా, ఆ సీడీలు ఉండింది ఆ బీరువాలోనే. బొటనవేలితో బురద తుడిస్తే పైన వెండి పూత చేప పొలుసులాగా ఊడి వేలికి అంటుకుంది. రెండు చోట్ల పెట్టినా అనుకున్నా గానీ రెండూ ఒక గదిలోనే పెట్టినా.

అయినా హార్డ్ డిస్కు ఉంది. హైదరాబాదులో డేటా తీసే ఒకాయనకు ఫోను చేస్తే, "ఆరబెట్టొద్దమ్మా, తడిగానే ప్లాస్టిక్ కవర్లో చుట్టి తీసుకురండి, కరెంటు మాత్రం ఇవ్వొద్దు" అన్నాడు. 12,000 అవుతుందన్నాడు. ఆ రోజు మన ఇంట్లో వెయ్యి కూడా లేదు. నేను ఆగలేకపోయినా. కడిగి, మిద్దె మీద నాలుగు రోజులు ఎండబెట్టి, నాన్న బియ్యం కార్డు పని మీద పోయినప్పుడు లక్ష్మక్క వాళ్ళ కంప్యూటరుకు తగిలించినా. తిరిగింది. ఒక్క క్షణం ఎంత సంతోషపడినానో. తర్వాత టక్, టక్, టక్ అని కొట్టుకుంది. కాలిన వాసన వచ్చింది. అంతే.

దాంట్లో మీ అబ్బ ఫోటో ఉంది, నేను స్కాన్ చేసి చుక్క చుక్క దిద్దినది. మద్దిలేటి స్వామి దగ్గర నీ పుట్టెంట్రుకలు తీసినప్పటి ఫోటోలున్నాయి. తర్వాత డబ్బులు సర్దుకొని తీసుకుపోతే ఆయన విప్పి చూసి "తడి మీద కరెంటు ఇచ్చినారా?" అని అడిగినాడు. లేదన్నా. నాన్నతో వరదలో పోయిందన్నా. 16 ఏళ్ళుగా అందరితో అదే అంటున్నా.

నువ్వు డిగ్రీలో ఉన్నప్పుడు షాపు కంప్యూటరుకు ఆన్‌లైన్ బ్యాకప్ పెట్టింది ఆ వరద గుర్తుతోనే. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పాఠం చెప్పినావు. ఏ ఫైలైనా మూడు చోట్ల ఉండాల, రెండు రకాల వాటి మీద ఉండాల, ఒకటి ఊరు దాటి ఉండాల అన్నావు. తాళంచెవి లాంటి ఆ పాస్‌ఫ్రేజ్ మరిచిపోతే కంపెనీ వాళ్ళు కూడా తెరవలేరని పద్దు పుస్తకం అట్ట లోపల రాయించినావు. నిరుడు షాపు డిస్కు చచ్చిపోయినప్పుడు నీకు పరీక్షలని చెప్పలేదు, నేనే దింపుకున్నా. ఫైళ్ళన్నీ వచ్చినాయి గానీ కార్డు తెరిస్తే సుముహూర్తం ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ. నా గుండె జారింది. పాతవన్నీ అను ఫాంట్ల మీద కొట్టినవి కదా, ఆ ఫాంట్లు లేకుంటే తెలుగు కనబడదు. ఫాంట్లుండేది విండోస్ ఫోల్డర్లో, బ్యాకప్ దాన్ని ముట్టుకోదు. మన ఫైళ్ళు తిరిగొస్తాయి, ప్రోగ్రాములు మనమే మళ్ళీ వేసుకోవాల. బాషన్న పాత సీడీ వెతికిచ్చినాడు, అది ఎక్కించినాక సుముహూర్తం సుముహూర్తంలాగా కనబడింది. నీ దాంట్లో ఎట్లాంటి ఫాంట్లు వాడినావో గుర్తు తెచ్చుకో.

పాఠం చెప్పొద్దనే కూర్చున్నా రాఘవా, అయినా చెప్తా. ఆ లాప్‌టాప్ మీద ఇంకేమీ వేయొద్దు. డిలీట్ అయినవి తెచ్చే సాఫ్ట్‌వేర్ అని నెట్లో దొరికిందల్లా దాని మీదికే దింపుతారు, దింపిన ప్రతిదీ పాతదాని మీద కూర్చుంటుంది. ఇప్పుడు హార్డ్ డిస్కు బదులు వచ్చే ఎస్ఎస్‌డీలైతే చెరిపిన చోటును వాటంతటవే తుడిచేస్తాయి, ఫార్మాట్ కొట్టినాక వాటిలో దొరికేది తక్కువ. గూగుల్ డ్రైవ్‌లో ఉందిలే అనుకొని చోటు కోసం లాప్‌టాప్‌లో చెరిపినావంట కదా, అది కూడా విన్నా. సింక్ అయ్యే ఫోల్డరులో ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులుంటాయి, బ్రౌజర్లో తెరిచి చూడు, ఈ రోజే చూడు. గైడు గారికి మెయిల్లో పంపిన అధ్యాయాలు ఆయన దగ్గర ఉంటాయి, అడగడానికి సిగ్గుపడొద్దు. చార్జరు ప్లగ్గు వదులుగా ఉండింది సంక్రాంతికే చూసినా, మార్చుకోమంటే మార్చుకోలేదు. కళ్ళజోడు కూడా మార్చుకోవాల నువ్వు.

ఇంక అసలు మాట. ఆ బ్యాకప్‌కు ఏటా డబ్బు కట్టేది నేనే కదా. రెండు కంప్యూటర్లకు కడుతున్నా. రెండోది ఎవరిదో నీకు గుర్తున్నట్టు లేదు. రెండేళ్ళ కింద పండగకొచ్చినప్పుడు మధ్యాహ్నం నులక మంచం మీద పడుకొని నీ లాప్‌టాప్‌కు కూడా ఎక్కించుకున్నావు. తర్వాత దాని ఊసే ఎత్తలేదు. నేను మాత్రం తీయలేదు.

ఆదివారం షాపు మూసినాక బ్యాకప్ అకౌంట్ తెరిచినా. షాపు కంప్యూటరు కింద నీ పేరుతో ఇంకొకటి ఉంది. చివరి బ్యాకప్ 9వ తేదీ రాత్రి 11:40. అది చూసినాక మామ కొడుకు చెప్పింది నిజమని తెలిసింది. మన ప్లాన్‌లో కంప్యూటరు 30 రోజులు కనబడకపోతే దాని ఫైళ్ళు తీసేస్తారు. ఆ రోజుకు ఇంకా 12 రోజులుంది. నిన్ను అడిగి చేయాల్సిన పనే, 23 సార్లు ఫోను చేసినా, ఎత్తలేదు. నువ్వు వేరే పాస్‌ఫ్రేజ్ పెట్టి ఉంటే నా చేతిలో ఏమీ లేదు. అట్ట లోపలిది కొట్టినా, తెరుచుకుంది.

52 జీబీ. గంట పాటకు ఇంచుమించు 600 ఎంబీ లెక్కన నువ్వు ఎంత మంది ముసలోళ్ళ దగ్గర కూర్చున్నావో అప్పుడు అర్థమైంది. ఒకేసారి అంతా అడగలేదు, ముందు ఒక చిన్న ఫోల్డరు దింపి తెరిచి చూసినా. మిగతాది వాళ్ళ డౌన్‌లోడరుతో పెట్టినా. బ్రౌజర్లో అయితే కరెంటు పోతే మొదటికొస్తుంది, ఇదైతే ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. సోమవారం రాత్రి రెండుసార్లు పోయింది కరెంటు. రెండు రాత్రులు పట్టింది. అక్కడ చూపిన ఫైళ్ళ లెక్క, ఇక్కడ దిగిన లెక్క సరిచూసినా, సరిపోయింది. 9వ తేదీ తర్వాత నువ్వు రాసింది మాత్రం దాంట్లో లేదు. అది మళ్ళీ రాసుకోవాల.

నీ ఫోల్డర్లు కెలకలేదు. దిగిన ఫైలు పలుకుతుందో లేదో చూడాల కదా, అందుకని ఒక్కటి తెరిచినా. జేజి_విసుర్రాయి అని ఉండింది. మొదట రాయి తిరిగే గరగర. వెనక వంటింట్లో గిన్నె పడిన చప్పుడు, అది నేనే. తర్వాత రాయి ఆగింది. "పడతాండాదా నాయనా? పాడేదా?" అనింది జేజి. నువ్వు "పాడు జేజీ" అన్నావు. పాట మొదలయ్యేలోపే నాన్న తడి చేతులతో లోపలికొచ్చినాడు. అన్నం ముందర నుంచి లేచినాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు. ఏమీ అనలేదు.

ఆ పూటే హార్డ్ డిస్కు సంగతి ఆయనకు చెప్పేసినా. నేనే కాల్చినా, వరద కాదు అన్నా. "తెలుసు, ఆ రోజు లక్ష్మక్క ఇంట్లో వాసన వచ్చింది" అన్నాడు. 16 ఏళ్ళు ఆ మాట నాతో అనలేదు చూడు ఆయన. నీకేం భయం నాయనా.

డబ్బాలో పైన నిప్పట్లు, వాటి కింద బుడ్డల పొడి. నెయ్యి సీసా నిలువుగానే పెట్టు, మూత వదులు. అడుగున నాన్న తెల్ల టవల్లో చుట్టింది హార్డ్ డిస్కు, దాని చుట్టూ ఇంకో కవరు వేసినా, నూనె అంటదు. బాగుచేసిన ఆ లాప్‌టాప్‌కే తగిలించొద్దు, ముందు వేరే కంప్యూటరులో చూసుకో, కాపీ చేసుకున్నాకే పని చెయ్యి. ఇంకో కాపీ ఇక్కడ బీరువాలో ఉంది, బీరువా ఇప్పుడు మిద్దె గదిలో ఉంది. నిప్పట్లు మీ గదిలో పిల్లోడికి కూడా పెట్టు, వాడు చెప్పబట్టే ఇదంతా తెలిసింది. వాడి మీద కోప్పడొద్దు.

శుక్రవారం సాయంత్రం నాన్న ఏడింటికి వస్తాడు. ఏడున్నరకు చెయ్యి.

అమ్మ