అట్లాంటిక్ ఓడల ఆడియో సిరీస్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ఇస్తామని ఇవ్వని ఎపిసోడ్, సరిదిద్దని తప్పులు

నమస్కారం. మీ యాప్‌కు ఏడాది చందా కట్టింది ఈ ఒక్క సిరీస్ కోసమే. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ వెళ్లే పాతకాలపు పెద్ద ఓడల గురించి తెలుగులో చెబుతున్నారంటే సంబరపడ్డాను. మూడో తరగతి ప్రయాణికుల మీద ప్రత్యేక ఎపిసోడ్ ఉంటుందని ప్రకటనలో రాశారు. సిరీస్ పూర్తయింది, అది మాత్రం రాలేదు. మెయిల్ పెడితే "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని జవాబిచ్చారు. నేనడిగింది ఎపిసోడ్ అండీ, ధన్యవాదాలు కాదు.

వచ్చిన ఎపిసోడ్లన్నీ పైతరగతి చుట్టూనే తిరిగాయి. క్వీన్ మేరీ అనే ఓడ భోజనశాల గోడ మీద అట్లాంటిక్ పటం, ఓడ ఎక్కడిదాకా వచ్చిందో చూపిస్తూ దాని మీద కదిలే స్ఫటిక ఓడ నమూనా... ఆ వర్ణన బాగుంది, కాదనను. కానీ అదే నోటితో ఆ ఓడ "గ్లాసులో నీళ్లు తొణక్కుండా" సాగేదన్నారు. 1936లో మొదటిసారి బయల్దేరిన ఆ ఓడ అటూ ఇటూ ఊగడానికే పేరుమోసింది. ఇంత పెద్ద ఓడ ఊగదులే అనుకుని మొదట్లో కారిడార్లలో పట్టుకోడానికి కమ్మీలు కూడా పెట్టలేదు. ఊపు తగ్గించే స్టెబిలైజర్లు 1958లో గానీ రాలేదు. అదే ఏడాది జెట్ విమానాలు ఆ ప్రయాణికులను ఎగరేసుకుపోవడం మొదలైంది!

ఇంకో ఘోరం. ఆ ఓడ దిగిన ప్రతివాళ్లూ న్యూయార్క్ రేవులో వలసవాళ్లను తనిఖీ చేసే దీవి ఎల్లిస్ ఐలాండ్‌లో క్యూ కట్టారన్నారు. వలసలు జోరుగా ఉన్న రోజుల్లోనే మొదటి, రెండో తరగతుల వాళ్లను మామూలుగా ఓడలోనే తనిఖీ చేసి పంపేసేవారు. ఆ దీవికి తీసుకెళ్లింది ప్రధానంగా కింది తరగతి వాళ్లను. వలసలకు పరిమితి పెట్టిన అమెరికా 1924 చట్టం తర్వాత వలసవాళ్ల తనిఖీ చాలావరకు విదేశాల్లోని అమెరికా కాన్సులేట్లలోనే అయ్యేది. క్వీన్ మేరీ నాటికి ఆ క్యూ ఎక్కడిది?

అసలు ఆ చట్టమే మీరు ఎగ్గొట్టిన ఎపిసోడ్‌కు ప్రాణం. ఓడ కంపెనీలకు వలసవాళ్ల టికెట్లు పెద్ద ఆదాయం. అమెరికా 1921లో, మళ్లీ 1924లో వలసవాళ్ల సంఖ్యపై కోటాలు బిగించేసరికి కింది అంతస్తులు ఖాళీ అయ్యాయి. కంపెనీలు ఏం చేశాయి? అవే గదులను బాగుచేసి, "టూరిస్ట్ థర్డ్ క్యాబిన్" అని పేరు పెట్టి, వేసవిలో యూరప్ చూడబోయే అమెరికన్ విద్యార్థులకూ టీచర్లకూ అమ్ముకున్నాయి. పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు పడుకున్న చోటే, సెలవులకు వెళ్లే కుర్రాళ్లు పడుకున్నారు. ఇంత కథ ఉండగా, పైడెక్ మీద పదకొండింటికి పంచే వేడి సూపు గురించి రెండు ఎపిసోడ్లలో చెప్పారు. ఆ సూపు నాకు కంఠతా వచ్చేసింది.

నేను కోరేవి: ప్రకటించిన మూడో తరగతి ఎపిసోడ్ నెలలోగా ఇవ్వండి, లేదా చందా మొత్తం వాపసు చేయండి. పైన చెప్పిన రెండు తప్పులనూ ఆడియోలోనే సరిదిద్దండి, కింద చిన్నక్షరాల్లో కాదు. ఈసారి దయచేసి మనిషి చేత జవాబు రాయించండి. పాత మెయిళ్లు, చందా రసీదు, మీ ప్రకటన స్క్రీన్‌షాట్ జతచేస్తున్నాను. నెల దాటితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ చందాదారు