నీలి రంగు చూసి నమ్మలేం

సంపాదకుల వారికి నమస్కారం.

ఆదివారం మీ పత్రికలో గ్రీన్ హైడ్రోజన్ (సౌర, పవన విద్యుత్తు లాంటి వాటితో నీటిని విడగొట్టి తీసే హైడ్రోజన్) మీద వచ్చిన వ్యాసం హాస్టల్ మెస్‌లో టిఫిన్ చేస్తూ చదివాను. ‘ఉత్ప్రేరకం చర్యకు తోడ్పడుతుంది గానీ తాను మారదు’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. తెనాలిలో ఇంటర్ చదివేటప్పుడు నేనూ అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడు నాలుగేళ్లుగా బెంగళూరులో ఇరిడియం అనే అరుదైన లోహంతో చేసిన ఉత్ప్రేరకాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆ మాట అన్నిసార్లూ నిజం కాదండీ.

నీటిని విడగొట్టడంలో కష్టమంతా ఆక్సిజన్ వైపే. ఒక్క ఆక్సిజన్ అణువు పుట్టాలంటే రెండు నీటి అణువుల నుంచి నాలుగు ఎలక్ట్రాన్లు లాగాలి. మొక్కల ఆకుల్లో ఈ పని నాలుగు మాంగనీసు, ఒక కాల్షియం పరమాణువులున్న చిన్న గుత్తి చేస్తుంది. మేం వాడేది ఒక పసుపు పొడి. అందులో ఇరిడియం పరమాణువును ఐదు కార్బన్ల వలయం ఒకటి పట్టుకుని ఉంటుంది. దాన్ని నీళ్లలో కరిగించి ఎలక్ట్రాన్లు లాగేసే సోడియం పెరయోడేట్ అనే రసాయనం వేస్తే బుడగలు లేస్తాయి, పసుపు పోయి ముదురు నీలం వస్తుంది. మొదటిసారి ఆ రంగు చూసినప్పుడు అమ్మకు వీడియో కాల్ చేసి మరీ చూపించాను.

కానీ అప్పటికే ఆ వలయం ఆక్సీకరణం చెంది ఊడిపోయి ఉంటుంది. మేం వేసింది ఒకటి, పని చేస్తున్నది ఇంకొకటి. అది విడి అణువా, ఇరిడియం ఆక్సైడ్ నలుసులా? ఆ నలుసులు కలిసిన నీళ్లూ నీలంగానే ఉంటాయి, కాబట్టి కంటితో తేలదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రాబ్‌ట్రీ, బ్రుడ్విగ్ బృందాలు ఈ ఒక్క ప్రశ్న మీద ఏళ్ల తరబడి పని చేశాయి.

తేల్చడానికి గట్టి దారి ఎక్స్‌రే. దాదాపు 11.2 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర ఇరిడియం ఎక్స్‌రేలను ఒక్కసారిగా పీల్చుకుంటుంది. ఎంత పీల్చుకుందో చూపే గ్రాఫ్ సరిగ్గా ఎక్కడ, ఎంత ఎత్తుకు లేచిందో చూస్తే లోహం ఎంతవరకు ఆక్సీకరణం చెందిందో అంచనా వేయొచ్చు. ఆ తర్వాత వచ్చే చిన్న చిన్న అలల్లో పొరుగు పరమాణువుల దూరాలు దొరుకుతాయి. ఆక్సైడ్ స్ఫటికంలో దగ్గరి ఇరిడియంల మధ్య దూరం 3.15 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు), ఆ పై వరుస సుమారు 3.55 దగ్గర. ఈ రెండూ కలిసి కనిపిస్తే నలుసులని అనుమానించాల్సిందే.

ఆసుపత్రిలో ఉండే యంత్రం దీనికి చాలదు, సింక్రోట్రాన్ కావాలి, అంటే ఎలక్ట్రాన్లను వలయంలో అతివేగంగా తిప్పి బలమైన ఎక్స్‌రేలు పుట్టించే పెద్ద యంత్రం. మన దేశంలో ఈ పనికొచ్చే సింక్రోట్రాన్ ఇండోర్‌లోని ఇండస్-2 ఒక్కటే. బెంగళూరు నుంచి వెయ్యి కిలోమీటర్లు దాటిన దూరం. కిందటిసారి థర్మోకోల్ పెట్టెలో డ్రై ఐస్ పెట్టి, గడ్డకట్టించిన నీలి ద్రావణం నమూనాలు రైల్లో తీసుకెళ్లాం. దిగేసరికి ఐస్ అయిపోయింది, ద్రావణం కరిగింది, నీలం సగం వెలిసిపోయింది. దరఖాస్తు పెట్టి నెలల తరబడి ఎదురుచూస్తే వచ్చిన సమయం అది. గ్రాఫ్ వచ్చింది గానీ అది ఏ పదార్థానిదో చెప్పలేకపోయాం. ఆ రాత్రి గెస్ట్‌హౌస్‌లో ఎవరం అన్నం ముట్టలేదు.

గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లు ఆమోదించింది. దక్షిణాదిలోనూ ఒక సింక్రోట్రాన్ కావాలని మీ పత్రిక గట్టిగా రాయాలి. ఆ వ్యాసంలోని వాక్యాన్ని కూడా దయచేసి సవరించండి, ఇంటర్ పిల్లలు చదువుతారు.

వచ్చే నెల మళ్లీ ఇండోర్ వెళ్తున్నాం. ఈసారి పొడే తీసుకెళ్లి ద్రావణం అక్కడే కలుపుతాం.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని,
బెంగళూరు