మాక్స్‌వెల్ వీధి పాత బట్టల కొట్టు గురించి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా వెళ్లిన తొలి తరం తెలుగువాళ్ల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. మావారు 1971లో ఎనిమిది డాలర్లతో షికాగోలో దిగారు. చదువుకోవడానికి వెళ్లేవాళ్లకు అప్పట్లో చేతికిచ్చే విదేశీ మారకం అంతే. నేను 1973 జనవరిలో వెళ్లాను. ఆ వ్యాసంలో రాసిన చలి, ఒంటరితనం, పైసా పైసా లెక్క చూసుకోవడం అన్నీ మేమూ పడ్డవే. ఒక్క మాట మాత్రం మింగుడుపడలేదు. మనవాళ్లు ఎవరి ఆసరా లేకుండా పైకొచ్చారని రాశారు. మాకు ఆసరా ఉంది. ఇచ్చింది రష్యా నుంచి వలస వచ్చిన ఒక యూదు కుటుంబం. వాళ్లకు షికాగోలో రెండు సెకండ్‌హ్యాండ్ కొట్లు ఉండేవి. వాళ్ల గురించి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరని ఈ ఉత్తరం.

మావారు చదివిన ఇల్లినాయ్ యూనివర్సిటీ సర్కిల్ క్యాంపస్ నుంచి హాల్‌స్టెడ్ వీధి వెంట దక్షిణానికి నడిచి, రూజ్‌వెల్ట్ రోడ్డు దాటితే మాక్స్‌వెల్ వీధి. ఆదివారం పొద్దున అక్కడ దొరకని వస్తువు లేదు. కారు టైర్లు, సాక్సులు, తుప్పు పట్టిన పానాలు, తలుపు గడియలు. ఒక మూల ఉల్లిపాయలు వేగే వాసన, ఇంకో మూల నల్లజాతి కళాకారులు కరెంటు గిటార్లతో వాయించే బ్లూస్. మేం మొదటిసారి తెలియక శనివారం వెళ్లాం. స్నేహితులు చెప్పిన కొట్టుకు షట్టర్ వేసి ఉంది. శనివారం వాళ్లకు సబ్బాతు, అంటే పని మానేసే పవిత్ర దినం, డబ్బు ముట్టుకోరు. ఇంటికి తిరిగొచ్చేసరికి నా చెవులు నొప్పి పుట్టి ఏడ్చేశాను. మర్నాడు మళ్లీ వెళ్లాం.

నా ఒంటిమీద నేత చీర, దాని మీద మావారి స్వెట్టరు, కాళ్లకు ఆయన సాక్సులు. కొట్లో పెద్దావిడ నన్ను చూడగానే బేరం సంగతి ఎత్తలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి హీటర్ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. తర్వాత పొడుగాటి కర్రతో, పైన వేలాడుతున్న కోట్లలోంచి ముదురు పచ్చ ఉన్నికోటు ఒకటి దించింది. ఆరు డాలర్లు అంది. మావారు మూడు అన్నారు. చివరికి నాలుగు దగ్గర ఆగి, ఇవాళ మొదటి బేరం మీదే, ఉత్త చేతులతో పంపకూడదు అంది. బోణీ! ఊరుగాని ఊళ్లో ఆ మాట వినపడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

కోటు ఎడమ జేబులో అస్తరు చిరిగి ఉంది. అలా ఇవ్వనంది. దారం సూదిలోకి ఎక్కించి, రెండు పేటలు చేసి, చిన్న మైనపు ముద్ద మీద లాగింది. జేబు బయటికి తిరగేసింది. లోపల ఒక పాత బస్సు టోకెను దొరికింది. దాన్ని బల్ల మీదున్న గాజు సీసాలో వేసి, అప్పుడు కుట్టడం మొదలుపెట్టింది. ఆ సీసా నిండా అలాంటివే. గుండీలు, జడపిన్నులు, తాళంచెవులు, ఒంటి చెవిపోగు. ఇవన్నీ ఎందుకు దాస్తున్నారని అడిగాను. ఎవరైనా వచ్చి అడిగితే ఇవ్వాలి కదా అంది. నన్ను ఆవిడ మొదటి రోజు నుంచీ ‘మెయిడెలే’ అనేది. వాళ్ల యిడ్డిష్ భాషలో చిట్టితల్లి అని అర్థమట.

రెండో కొట్టు అదే వరసలో నాలుగు తలుపుల అవతల ఉండేది. ఇంటి సామాను. కొడుకు చూసుకునేవాడు. మా బల్ల, రెండు కుర్చీలు, తర్వాత సింగర్ కుట్టుమిషను అన్నీ అక్కడివే. ఒకసారి పప్పు వండుకోవడానికి పెద్ద స్టీలు గిన్నె నచ్చింది. కానీ అందులో ఇదివరకు ఎవరు ఏం వండారో! మేం శాకాహారులం. అడగాలంటే సిగ్గు. అడిగాను. అతను నవ్వలేదు, వాళ్లమ్మను పిలుచుకొచ్చాడు. ఆవిడకు నా ప్రశ్న వెంటనే అర్థమైంది. వాళ్లింట్లో పాలకు వేరే గిన్నెలు, మాంసానికి వేరే గిన్నెలు. కలిసిపోతే ఏం చెయ్యాలో ఆవిడకు చిన్నప్పుడే నేర్పారు. శుభ్రంగా తోము, ఒక రోజంతా వాడకుండా పక్కన పెట్టు, తర్వాత అంచు దాకా నీళ్లు పోసి మరిగించు, నీళ్లు అంచు మీదుగా నాలుగు వైపులా పొర్లాలి అని చేతులతో చూపించి మరీ చెప్పింది. మా నాయనమ్మ మడి గురించి చెప్పినంత నిష్ఠగా చెప్పింది. నేను అలాగే చేశాను. ఆ గిన్నెలో పాతికేళ్లు పప్పు ఉడికింది.

డబ్బు చాలకపోతే అప్పు రాసుకునేవాళ్లు. ఆ ఖాతా పుస్తకం హీబ్రూ అక్షరాల్లో, కుడి నుంచి ఎడమకు. నా పేరు వాళ్లకు నోరు తిరగలేదు. మా పద్దు మీద ఏం రాశారో చదివి చెప్పమంటే కొడుకు మొహమాటపడ్డాడు. ‘చీర కట్టుకున్న పిల్ల’ అని రాసిందట వాళ్లమ్మ. వడ్డీ ఎప్పుడూ అడగలేదు. ఒక నెల మావారికి స్టైపెండ్ ఆలస్యమై మేం మొహం చాటేస్తే, ఆవిడే ఎదురొచ్చి, రాకుండా ఉంటే నేను మీ మీద కోపంగా ఉన్నాననుకుంటారు అందరూ, వచ్చి కూర్చుని వెళ్లు అంది.

పాత బట్టల వ్యాపారంలోకి ఎలా వచ్చారని పెద్దావిడ భర్తను, ఆ పెద్దాయనను అడిగితే, ఇంకేం మిగిల్చారు మాకు అనేవాడు. జార్ల రష్యాలో యూదులు ఎక్కడ ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించేది, భూమి కొనడానికి ఆంక్షలు, చాలా వృత్తుల తలుపులు మూసి ఉండేవి. 1881 తర్వాత యూదుల మీద దాడులు మొదలయ్యాయి. షికాగో చేరినవాళ్లు మాక్స్‌వెల్ ప్రాంతంలో సర్దుకున్నారు. తోపుడు బండికి, గోనె సంచికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. పైగా సొంత బండి అయితే శనివారం పనికి రమ్మనేవాడు ఉండడు. ఆ బజారును నగరపాలక సంస్థ 1912లో అధికారికంగా గుర్తించింది. ఈయన అప్పటికి తొమ్మిదేళ్ల పిల్లాడు, వాళ్ల నాన్న బండి వెనక నడిచేవాడట.

పెద్దావిడ చెల్లెళ్లిద్దరు మాత్రం రాలేకపోయారు. 1924లో అమెరికా దేశాలవారీ కోటాలు పెట్టి తూర్పు యూరపువాళ్ల దారి దాదాపు మూసేసింది. ఉక్రెయిన్‌లోని వాళ్ల ఊరి నుంచి 1941 దాకా ఉత్తరాలు వచ్చాయి. తర్వాత రాలేదు. ఈ మాట ఆవిడ నాతో ఒక్కసారే చెప్పింది, గుండీలు రంగుల వారీగా ఏరుతూ. చెయ్యి ఆపలేదు. నేను కూడా కూర్చుని నల్లవి ఏరాను.

మనవాళ్లకైతే ఆ దేశం తలుపు 1917లోనే మూసింది. బార్లా తెరిచింది 1965 వలస చట్టం. దాన్ని సెనేటర్ ఫిలిప్ హార్ట్‌తో కలిసి తెచ్చిన ప్రతినిధుల సభ సభ్యుడు ఇమాన్యుయెల్ సెల్లర్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ యూదు. 1924 చట్టాన్ని కొత్త సభ్యుడిగా వ్యతిరేకించి ఓడిపోయిన మనిషే, 41 ఏళ్ల తర్వాత దాని కోటాలను రద్దు చేయించాడు. మాకు గ్రీన్‌కార్డు వచ్చింది ఈ చట్టం కిందే. మన తొలి తరం కథ రాసేటప్పుడు ఇది రాయకపోవడం అన్యాయం అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆ వీధి ఇప్పుడు లేదు. యూనివర్సిటీ విస్తరణలో భాగంగా 1994లో బజారును కెనాల్ స్ట్రీట్‌కు తరలించారు, పాత భవనాలు చాలావరకు కూల్చేశారు. కొన్నిటి ముందు గోడలు మాత్రం ఊడదీసి కొత్త కట్టడాలకు అతికించారు. చూడటానికి ఒకసారి వెళ్లాను. మా కొట్టు గోడ వాటిలో లేదు. మన బియ్యం, పప్పుల కోసం అందరం వెళ్లే డెవాన్ ఎవెన్యూ కూడా, 1974లో పటేల్ బ్రదర్స్ అక్కడ కొట్టు తెరిచే నాటికి, యూదు దుకాణాల వీధే. దానిలో ఒక భాగానికి గాంధీ పేరు, ఇంకో భాగానికి ఇజ్రాయెల్ ప్రధానిగా చేసిన గోల్డా మెయిర్ పేరు పెట్టారు. బోర్డులు చూసే మన పిల్లలకు ఆ రెండూ ఒకే వీధిలోకి ఎలా వచ్చాయో చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు.

సంపాదకులకు నా విన్నపం. ఆ రోజుల్లో వెళ్లినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా, తమ మొదటి కోటు, మొదటి మంచం, మొదటి గిన్నె ఎవరి దగ్గర కొన్నారో రాసి పంపమని మీ పత్రికలో అడగండి. మావారు పోయి ఆరేళ్లయింది. మాతో పాటు ఆ కొట్టుకు వచ్చినవాళ్లలో ఇద్దరే మిగిలారు, ఒకరికి జ్ఞాపకం సరిగా లేదు.

నా దగ్గర ఒక ఫోటో ఉంది, 1976 ఎండాకాలంలో తీసింది. కొట్టు ముందు నేను, చంకలో మా పెద్దమ్మాయి. వెనక గుమ్మంలో పెద్దావిడ సగమే పడింది. పళ్లతో దారం కొరుకుతోంది. వేసుకుంటానంటే పంపిస్తాను, చూసుకుని మళ్లీ నాకు భద్రంగా తిప్పి పంపాలి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
షికాగో