స్థానం ఒక్కటే వేస్తే పరుగు అర్థం కాదు

సంపాదకులకు,

దూరపు పరుగుల వార్తను ‘ఆరో స్థానం’ అని ఒక్క ముక్కతో సరిపెట్టడం అన్యాయం. 2024 జులైలో పారిస్ డైమండ్ లీగ్ అంతర్జాతీయ అథ్లెటిక్స్ పోటీలో మన పరుగువీరుడు అవినాష్ సాబ్లే ఆరో స్థానంలో వచ్చిన మాట నిజమే. కానీ అడ్డంకులు, నీటి గుంట దాటుతూ పరుగెత్తే 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌ను 8 నిమిషాల 9.91 సెకన్లలో ముగించి జాతీయ రికార్డును తిరగరాశాడు. అంటే 400 మీటర్లకు సగటున 65 సెకన్ల పైచిలుకు. 2025లో మరో భారత పరుగువీరుడు గుల్వీర్ సింగ్ 10,000 మీటర్లను 27:00.22లో పరుగెత్తినప్పుడూ 400 మీటర్ల సగటు దాదాపు అంతే. సాబ్లేకు 28 సార్లు అడ్డంకులు, 7 సార్లు నీటి గుంట దాటడం అదనం!

అడ్డంకి ఎత్తు 91.4 సెం.మీ. తగిలితే హర్డిల్‌లా పడిపోదు, మనిషే పడతాడు. అసలు నష్టం మాత్రం అడ్డంకిని ఆనుకుని ఉండే నీటి గుంట దగ్గరే. దాని ముందు అడుగులు కుదించుకుంటే వేగం పోతుంది. అడ్డంకి మీద కాలు పెట్టి పైకి ఎగిరితే లోతైన చోట ధబీమని దిగి ఆగిపోతారు. ఎత్తుకు పోకుండా ముందుకు నెట్టుకుంటే గుంట చివర, నీళ్లు పలచగా ఉన్నచోట ఒంటికాలితో దిగి అదే ఊపులో సాగిపోవచ్చు. కాళ్లు అలసిన ఆఖరి చుట్లలోనే ఈ తప్పులెక్కువ. రెప్పపాటు తేడా ఎంత ఖరీదో చూడండి: 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో సాబ్లేకు స్వర్ణం చేజారింది 0.05 సెకను తేడాతో!

స్థానం పక్కనే ప్రతి వెయ్యి మీటర్ల సమయమూ వేయండి. ఇక్కడి కంఠీరవ స్టేడియానికి పరుగు పోటీలు చూడ్డానికి వెళ్లే మన తెలుగువాళ్లు ముగింపు గీత దగ్గర కాదు, నీటి గుంటకు ఎదురుగా కూర్చోవాలి.

– ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు