పోసినవాడికీ బాధ్యత ఉండాలి: న్యాయశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ న్యాయశాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను శ్రీకాకుళంలో వకీలు గుమస్తాని. లా చదవలేదు గానీ, చట్టం జనం మీద ఎలా వచ్చి పడుతుందో రోజూ చూస్తుంటాను. మీకు ఒక్క విన్నపం. అప్పటికే తూలుతున్నవాడికి ఇంకా మందు పోసి బండెక్కించిన బారు గానీ, పర్మిట్ రూం గానీ, ఆ తర్వాత జరిగిన ప్రమాదంలో నష్టపరిహారం భరించేలా చట్టం తెండి.

ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా 16వ నంబరు జాతీయ రహదారి మా జిల్లా పొడవునా సాగుతుంది. రాత్రిళ్లు తాగి బండి నడిపినవాడు ఎదుటివాణ్ని గుద్ది, తనూ పోతాడు. అప్పుడు కేసు అతని భార్యాబిడ్డల మీదికి వస్తుంది. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో అటూ ఇటూ భర్త పోయిన ఆడవాళ్లే. చనిపోయినవాడి ఆస్తి మేరకే వారసులు బాధ్యులని చట్టం అంటుంది. అది న్యాయమే. కానీ అతను వదిలివెళ్లేది సాధారణంగా ఒక గది ఇల్లు, తీరని బండి ఫైనాన్సు. ఇన్సూరెన్సు ఉన్నా చిక్కే. మోటారు వాహనాల చట్టానికి చేసిన 2019 సవరణ తర్వాత, తాగి నడిపాడన్న కారణం చూపి కంపెనీ తప్పుకోవాలని చూస్తుంది. ముందు మీరు కట్టి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోండని ట్రిబ్యునల్ అన్నప్పుడు, ఆ వసూలు నోటీసు కూడా ఆ ఇల్లాలికే.

ఒక కేసులో మేం పంపిన రిజిస్టర్డ్ కవరు ‘విలాసదారు మరణించారు’ అన్న రాతతో తిరిగొచ్చింది. మా కక్షిదారు ఆ కవరు తీసుకుని, చదవడం రాకపోయినా, ముందూ వెనకా తిప్పి చూసింది. “ఆడు తాగినాడు సరే, ఆడికి పోసినోడి మీద ఏటీ నేదా బావూ?” అని అడిగింది. సూటిగా వేయడానికి చట్టం లేదమ్మా అన్నారు మా వకీలుగారు. ఆవిడ అడిగినదాంట్లో తప్పేముందో నాకు ఇప్పటికీ కనిపించడం లేదు.

తాగి నడిపితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికి రూ.10,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆ జరిమానా ఖజానాకి పోతుంది, కాలు పోయినవాడికి కాదు. అమెరికాలో ఇల్లినాయిస్ లాంటి రాష్ట్రాల్లో డ్రామ్ షాప్ చట్టాలున్నాయి. అక్కడ తాగినవాడి చేతిలో దెబ్బతిన్నవాళ్లు అమ్మినవాడి మీద దావా వేయొచ్చు. ఇల్లినాయిస్‌లో ఆ దావాకి ఏడాది గడువు, పరిహారానికి ఒక పరిమితి పెట్టారు కూడా. వ్యాపారి నిలువునా మునిగిపోతాడన్న భయానికి అదే జవాబు.

నేను మద్యనిషేధం అడగడం లేదు. 1995లో పెట్టాం, 1997లో సడలించాం. కౌంటర్లో సీసా కొని ఇంటికి పోయేవాడి సంగతి వేరు, దాన్ని ఇందులోకి తేవద్దు. కానీ కూర్చోబెట్టి పోసేచోట, మనిషి ఎంత తాగాడో, బయట బండి ఉందో లేదో పోసేవాడికి తెలియదంటే ఎలా నమ్మాలి? సీసీ కెమెరా ఉంటుంది, ఫోన్‌లో కట్టిన బిల్లు ఉంటుంది, ఆస్పత్రిలో తీసిన రక్త నమూనా ఉంటుంది. రుజువు దొరకదనే మాట నిలవదు.

చావు వల్ల ఆగిపోయే దావాల సంగతి కూడా దీనితోనే చూడండి. 1925 నాటి భారత వారసత్వ చట్టం 306వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీయని గాయాలకు వేసిన దావా కక్షిదారుడి చావుతో పోతుంది. బారు ముందు కొట్లాటలో చెయ్యి విరిగినవాడు రెండేళ్లకు జ్వరంతో పోతే, అప్పటిదాకా వైద్యానికి చేసిన అప్పు ఇంటివాళ్లకు, దావా గాలికి. రోడ్డు ప్రమాదాలకు ఈ అన్యాయం 2022 ఏప్రిల్ 1 నుంచి తీరింది, మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్‌లో చేర్చిన సవరణ వల్ల. మిగతా గాయాలకు ఎందుకు తీరకూడదు?

నిలిచే దావాల్లోనూ, ప్రతివాది పోతే 90 రోజుల్లో వారసులను రికార్డు మీదికి తేవాలి, లేకపోతే దావా అబేట్, అంటే అక్కడితో రద్దయిపోతుంది. మా మనుషులు చెన్నైలోనో హైదరాబాదులోనో పనికిపోయి అక్కడే పోతారు. ఆ కబురు అవతలి కక్షికి ఎప్పుడు తెలుస్తుంది? తన కక్షిదారు పోతే వకీలు కోర్టుకి తెలియజేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 22వ ఆర్డరులో 10ఎ రూల్ ఉంది గానీ, గడువు మాత్రం చనిపోయిన రోజు నుంచే నడుస్తుంది. తెలిసిన రోజు నుంచి లెక్కించేలా సవరణ తెండి.

అధికారం లేదనకండి. రాజ్యాంగం ప్రకారం మద్యం రాష్ట్ర జాబితాలో 8వ అంశం, పౌర నష్టాల దావాలు ఉమ్మడి జాబితాలో 8వ అంశం, సివిల్ ప్రొసీజరు అందులోనే 13వది. కేంద్ర చట్టంతో తగువు వచ్చేచోట రాష్ట్రపతి ఆమోదానికి పంపొచ్చు. ముసాయిదా తయారుచేయించి, శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, విజయనగరం బార్ అసోసియేషన్లకు తెలుగులో పంపి అభిప్రాయాలు అడగండి. మా ఊళ్ల డ్వాక్రా సంఘాలకూ ఒక ప్రతి పంపండి. వాళ్లు చెప్పాల్సింది చాలా ఉంది.

ఇట్లు,
శ్రీకాకుళం నుంచి ఒక వకీలు గుమస్తా