చెయ్యి వణికితే తాగినట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు, పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కడతాను, కోనసీమ తీర్థాలకి (అంటే జాతరలకి) వెళ్లేవాళ్లలో చాలామందికి నా మొహం తెలుసు. నాకు పార్కిన్సన్స్ అండి, చేతులు వణికే మెదడు జబ్బు. మొన్నొక తీర్థంలో స్టేజీ పక్కన కుర్చీలో కూర్చుంటే ఎవరో ఫోన్లో తీసి "కృష్ణుడు ఫుల్లుగా కొట్టొచ్చాడు" అని వాట్సాప్‌లో తిప్పేశారు, అది మా కోడలి పుట్టింటి దాకా వెళ్లింది.

తమాషా ఏంటంటే ఈ జబ్బులో చెయ్యి ఖాళీగా ఉంటేనే ఎక్కువ వణుకుద్ది. ఒళ్లో పెట్టుకుంటే వేళ్లు బీడీ చుడుతున్నట్టు ఆడతాయి, అదే చేత్తో వేణువు పట్టుకుంటే చాలావరకు సర్దుకుంటది. అందుకే నాటకం చూసినవాళ్లకి ఏమీ తెలీదు, నా వంతు కోసం కూర్చున్నప్పుడు చూసినోళ్లకి మాత్రం తాగుబోతుని.

వణుకు సంగతి అలా ఉంచండి, నన్ను దెబ్బకొట్టింది మొహం. కండరాలు బిగిసిపోయి కృష్ణుడికి నవ్వే రాదు! మేకప్ అబ్బాయే ముందు కనిపెట్టాడు, "ఏంటి బాబాయ్, రంగు పూస్తుంటే మొహం కదలట్లేదు" అని.

మెదడులో డోపమైన్ అని ఒంటి కదలికల్ని నడిపే రసాయనం ఉంటది, దాన్ని చేసే కణాలు పోతుంటాయి, మళ్లీ రావు, ఆ లోటు పూడ్చే లెవోడోపా బిళ్లలతో నెట్టుకురావడమే. బిళ్ల పనిచేసినంతసేపూ బానే ఉంటాను, పవర్ దిగిందా కాళ్లు నేలకి అతుక్కుపోతాయి. చేపలూ పప్పూ తిని వేస్తే సరిగ్గా ఎక్కదు కూడా, అందుకని ముందు బిళ్ల, అరగంట ఆగి విస్తరి (పులస రోజుల్లో ఆ అరగంట ఎలా గడుస్తుందో గోదారోళ్లకి చెప్పక్కర్లేదు).

హాలీవుడ్ నటుడు మైఖేల్ జె. ఫాక్స్‌కి 1991లో, 29 ఏళ్లకే ఇది బయటపడింది, 1998 దాకా జనానికి చెప్పలేదు. చెప్తే వేషాలు పోతాయి, చెప్పకపోతే ఇదిగో ఇలా వీడియోలు. బాక్సర్ మహమ్మద్ అలీ 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతి వణికే చేత్తోనే వెలిగించాడు, ఆయన జబ్బు సంగతి 1984 నుంచే లోకానికి తెలుసు కాబట్టి తాగాడనుకోడానికి లేదు. నేనూ అందుకే రాస్తున్నాను.

వీడియో తర్వాత ఒక కమిటీ వాళ్లు నన్ను అడక్కుండానే లిస్టులో పేరు కొట్టేశారు, "పెద్దాయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకండి" అంట. నాటకం పదింటికని మైకులో చెప్పి ఒంటిగంటకి మొదలెట్టడం కంటే ఇబ్బంది ఏముందండి, నేను పదింటికి లెక్కేసుకుని వేసిన బిళ్ల అప్పటికి దిగిపోతది. పదింటికంటే పదింటికే తెర తియ్యండి, రాయబారం సంగతి నేను చూసుకుంటాను.

– ఒక రంగస్థల నటుడు, రాజోలు