బాలింతకి పెండలం చారు కాచిపెట్టిన చేతులకి

మా బాబుకి నాలుగో నెల. పోయిన ఆదివారం మొదటిసారి బోర్లా పడ్డాడు. బోర్లా పడితే బొబ్బట్లు చేయాలి కదా, ఇక్కడ నైజీరియాలో, లేగోస్‌లోని ఇలుపేజులో ఉన్న ఇండియన్ షాపు నుంచి శనగపప్పు తెస్తే మా ఆవిడ బొబ్బట్లు చేసింది. అవి పట్టుకుని కింది ఇంటి గుమ్మం ముందు నిలబడ్డప్పుడు, ఇన్నాళ్ళూ నోటితో చెప్పిన థాంక్స్ చాలలేదని గట్టిగా అనిపించింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. వాళ్ళకి తెలుగు రాదు. రాసింది ఒక్కో ముక్కా ఇంగ్లీషులో చదివి వినిపిస్తానని మాటిచ్చాను. పేర్లు మాత్రం రాయొద్దన్నారు. "నా పేరు రాశావంటే రేపట్నుంచి లేగోస్‌లో ఉన్న ఇండియన్లందరూ పురుడు పోయమని నా తలుపే కొడతారు" అంది కింది ఇంటి ఆంటీ.

మేం లేగోస్‌లోనే ఇకేజాలో ఉంటాం. మూడేళ్ళయింది వచ్చి. ఏడో నెలలో డాక్టర్ విమానం ఎక్కొద్దన్నారు. మా అత్తగారు లేరు. అందుకని మా అమ్మే బయల్దేరింది. వీసా వచ్చింది, ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుంది, సున్నుండలూ కాయం డబ్బా పెట్టెలో సర్దేసింది. ఇంకా తొమ్మిది రోజుల్లో ప్రయాణం అనగా పెరట్లో జారిపడి చీలమండ ఎముక విరిగింది. ఆరు వారాల కట్టు. ఫోన్లో అటు అమ్మ ఏడుపు, ఇటు మా ఆవిడ ఏడుపు.

మర్నాడు మెట్ల మీద మా ఆవిడ మొహం చూసి ఆంటీ ఆపేసింది. ఆవిడ ఇగ్బో తెగ మనిషి, ఇద్దరు కూతుళ్ళకి పురుళ్ళు పోసింది. సంగతంతా విని, "మీ అత్తగారి కాలు విరిగితే నా కాళ్ళు బాగానే ఉన్నాయిగా. ఓముగ్వో నేను చేస్తా" అంది. ఓముగ్వో అంటే ఇగ్బోల్లో కూతురి పురుడయ్యాక తల్లి వచ్చి ఉండి, వేడినీళ్ళ కాపడం, పథ్యం, పసిబిడ్డ స్నానం అన్నీ చూసుకోవడం. మన పురుటి సంప్రదాయమే, పేరు ఒక్కటే వేరు. చుట్టమూ కాదు, మా భాషా కాదు, ఎవరూ అడగనూ లేదు. తనంతట తను తలకెత్తుకుంది.

ఈవిడతో స్నేహం ఎలా మొదలైందో చెప్పాలి. మేం వచ్చిన కొత్తలో ఒకసారి గుమ్మం దాకా వచ్చి పలకరించి "ఐ యామ్ కమింగ్" అంది. లోపలికి వస్తోందనుకుని మా ఆవిడ టీ పెట్టింది. ఈవిడేమో వెనక్కి తిరిగి మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఏం తప్పు మాట్లాడామోనని ఆ సాయంత్రమంతా టెన్షన్. తర్వాత అడిగితే తెలిసింది, ఇక్కడ ఆ మాటకి అర్థం "వెళ్ళి మళ్ళీ వస్తా" అని. "మేమూ అంతే ఆంటీ, గడప దాటుతూ 'వస్తాను' అనే అంటాం, వెళ్తున్నాననడం మాకు అశుభం" అని మా ఆవిడ చెబితే ఆంటీ పడీపడీ నవ్వింది. "అయితే ఆ టీ ఇప్పుడు తే" అంది.

నొప్పులు మొదలైంది జూన్‌లో, అర్ధరాత్రి దాటాక, జోరు వానలో. మా ఆఫీసు డ్రైవర్, యోరుబా పెద్దమనిషి, ఒక్క ఫోన్‌కి లేచి వచ్చాడు. హాస్పిటల్ లేగోస్ ఐలాండ్ వైపు, థర్డ్ మెయిన్‌ల్యాండ్ బ్రిడ్జి దాటాలి. పగలైతే గో-స్లో, అంటే ట్రాఫిక్ జామ్, గంటలు పడుతుంది. ఆ రాత్రి రోడ్డు ఖాళీయే గానీ వానకి ముందు ఏమీ కనిపించట్లేదు. ఆయన నెమ్మదిగా నడుపుతూ మాట ఆపలేదు. "మేడం, బ్రిడ్జి పొడవు 11.8 కిలోమీటర్లే. అంతవరకు ఓపిక పట్టమని లోపల ఉన్న బాబుకి చెప్పండి. ఆగనంటే నాకేం ఇబ్బంది లేదు, పేరు రెడీగా ఉంది: అబియోనా." అంటే ఏంటని అడిగాను. "దారిలో పుట్టినవాడు. యోరుబాలో దానిక్కూడా పేరుంది." అంత నొప్పిలోనూ మా ఆవిడ నవ్వింది. నొప్పి వచ్చిన ప్రతిసారీ ఆయన "సారీ మేడం, పెలే" అంటూనే ఉన్నాడు. "మీరేం చేశారని సారీ చెప్తున్నారు?" అంది తను. "నొప్పి మీరు పడుతుంటే సారీ అయినా నేను చెప్పొద్దా?" అన్నాడు. మనం "అయ్యో" అన్నట్టు వీళ్ళు "సారీ" అంటారు. దారిలో పోతూ మీ కాలికి రాయి తగిలితే, ముక్కూమొహం తెలియని మనిషి కూడా సారీ చెప్పి మరీ వెళ్తాడు. ఆ మాట ఇప్పుడు మా ఇంట్లోకీ వచ్చేసింది.

తెల్లారేసరికి బాబు పుట్టాడు.

ఇంటికి వచ్చిన రోజు సాయంత్రం ఆంటీ గిన్నె తీసుకొచ్చింది. మూత తీయగానే ఘాటు. జీ మిరి ఓకు అంటారట: పెండలం ముక్కలు, ఎండుచేప, ఉడా కాయలు వేసి కాచిన పల్చటి చారు. ఉడా అంటే నల్లగా ఎండిన సన్న కాయలు, మిరియం ఘాటుకి కాస్త పొగవాసన కలిసినట్టుంటుంది. ఆ ఉడా కోసం ఆంటీ నన్ను ఓయింగ్బో మార్కెట్‌కి పంపింది. కొట్టావిడ బాలింత కోసమని విని, కొలిచి ఇచ్చాక ఇంకో గుప్పెడు పొట్లంలో వేసి "జారా" అంది. మన కొసరు.

అమ్మకి వీడియో కాల్ చేసి చారు చూపించాం. "ఎండుచేపా? మంచిదే, మన పాలసొర లాంటిదే, పాలు పడతాయి. ఆ నల్లవేంటి?" అంది. నేను ఇంగ్లీషులోకి మార్చేలోపే ఆంటీ ఉడా కాయ ఒకటి విరిచి కెమెరా దగ్గర పెట్టి, పొట్ట మీద చెయ్యి నిమురుకుంటూ చూపించింది. అమ్మ వెంటనే మంచం మీంచే వాము డబ్బా అందుకుని చూపించింది. ఆంటీ "యెస్! యెస్!" అంది. ఇక నాతో పని లేకపోయింది. అమ్మ తెలుగులో "వదినగారూ, నడికట్టు గట్టిగా బిగించండి" అంటుంది, ఆవిడ ఇగ్బోలో ఏదో అంటూ గుడ్డ బిగించి చూపిస్తుంది. ఇద్దరికీ తేడా వచ్చింది స్నానం దగ్గరే. నలుగు పెట్టాక ఆంటీ బాబుని రెండు చేతులతో పైకి ఎగరేసి పట్టుకుంది, భయం పోవాలని. నా ప్రాణం గొంతులోకి వచ్చింది. అమ్మ ఫోన్లోంచి "అమ్మో! అమ్మో!" అని కేక. ఆంటీ ఆ కేక విని మెచ్చుకుందనుకుని ఇంకోసారి ఎగరేసింది.

పేరు గొడవ వారం నడిచింది. ఇగ్బోలకి నాలుగు సంత రోజులు: ఏకే, ఓరియే, ఆఫో, న్క్వో. బాబు ఆఫో నాడు పుట్టాడు కాబట్టి ఒకాఫోర్ అని ఆంటీ తేల్చేసింది. మనకి సోమవారం పుడితే సోమయ్య అన్నట్టే. డ్రైవర్ గారు ఒప్పుకోలేదు. "మీ నాన్నగారు ఉన్నారా?" అని నన్ను అడిగారు. రెండేళ్ళ కిందట పోయారని చెప్పాను. ఆయన నవ్వు ఆపేసి, ఉయ్యాల దగ్గరికి వెళ్ళి వంగి, బాబుతో "బాబాతుండే, ఎ కాబో" అన్నారు. బాబాతుండే అంటే నాన్న తిరిగొచ్చాడు అని, ఎ కాబో అంటే పెద్దవాళ్ళకి చెప్పే స్వాగతం. అంత వయసున్న మనిషి నా కొడుకుని మా నాన్న అనుకుని గౌరవంగా పలకరించాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయి కాసేపు అక్కడే నిలబడ్డాను. బాబుకి మా నాన్న పేరే పెట్టాం. ఈ వీధిలో మాత్రం వాడు తుండే, నేను పాపా తుండే, మా ఆవిడ మామా తుండే.

గేటు దగ్గర ఉండే మై గాడి, అంటే వాచ్‌మన్, కానో నుంచి వచ్చిన హౌసా తమ్ముడు, ఓ రోజు ఆకుకూర కట్ట తెచ్చాడు. మా ఆవిడ చూసి "గోంగూర!" అని అరిచింది. "నో మేడం, యాకువా." "గోంగూర!" "యాకువా!" ఐదు నిమిషాలు ఇదే. ఆ మొక్క కాయల మీది ఎర్ర రేకులే ఎండబెట్టి ఇక్కడ జోబో అనే పానీయం కాస్తారు, మేం మూడేళ్ళుగా తాగుతున్నాం, అది గోంగూర జాతేనని ఆ రోజే తెలిసింది. బాలింతకి గోంగూర కూడదని అమ్మ ఫోన్లోనే ఆపేసింది. నాకు మాత్రం అతనే వేరుశనగ చెక్క పొడి కలిపి పెట్టాడు. ఎంత బాగుందో!

అన్నిటికన్నా మరిచిపోలేనిది కరెంటు సంగతి. 2023 మే నెలాఖరులో పెట్రోల్ సబ్సిడీ తీసేశాక లీటరు ధర రెండింతలు దాటి, ఆ తర్వాత ఇంకా పెరిగింది. జనరేటర్ వేయాలంటే ఎవరైనా లెక్క చూసుకుంటారు. మా ఇన్వర్టర్ పాడైన పది రోజులూ ఆంటీ వాళ్ళు తమ జనరేటర్ నుంచి మా గదికి వైరు లాగి రాత్రంతా ఫ్యాన్ తిరిగేలా చూశారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. కరెంటు రాగానే వీధి పిల్లలంతా "అప్ నేపా!" అని అరుస్తారు. నేపా అంటే అప్పటి కరెంటు సంస్థ; ఆ పేరు 2005లోనే పోయింది, కేక మాత్రం పోలేదు. ఆ కేకకి బాబు ఉలిక్కిపడి లేచినప్పుడల్లా ఆంటీ కింద నుంచే "సారీ తుండే, సారీ ఓ" అని వాడికి చెప్పేది.

ఆదివారం బొబ్బట్టు తుంచి నోట్లో వేసుకుని ఆంటీ కళ్ళు మూసుకుంది. "దీనికోసం వీడు రోజూ బోర్లా పడాలి" అంది. నవ్వితే నువ్వుండలు, అడుగులేస్తే అరిసెలు అని మా ఆవిడ మిగతావి చెప్పింది. "నా నువ్వుండలు ఏవి మరి? వీడు రెండు నెలల నుంచి నన్ను చూసి నవ్వుతున్నాడుగా" అని నిలదీసింది. బాకీ ఒప్పుకున్నాం. శనివారం నువ్వులు వేయిస్తున్నాం.

ఆవిడ ఇంకో రెండు బొబ్బట్లు కాగితంలో చుట్టుకుని, గేటు దగ్గర తమ్ముడికి ఇవ్వాలంటూ లేచి, "ఐ యామ్ కమింగ్" అని మెట్లు దిగింది.